పాఠం నిన్నటిది, వెర్షన్ ఇవాళ్టిది

‘డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ - అన్‌సపోర్టెడ్.’ 2021 అక్టోబరు తర్వాత, వెబ్ పేజీలు కట్టడానికి పనికొచ్చే రియాక్ట్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లలో ఎంతోమందికి టెర్మినల్‌లో ఎదురైన మాటలివి. వీడియోలో చెప్పినట్టే చేశారు. అక్షరం పొల్లుపోలేదు. అక్కడ బ్రౌజర్ తెరుచుకుని నీలిరంగు చిహ్నం గుండ్రంగా తిరుగుతోంది. ఇక్కడ తెరనిండా ఎర్రర్లు. తాము కట్టాలనుకున్నది ఒక వెబ్ పేజీ. అందులోకి ఎన్వలప్ ఎక్కణ్నుంచి వచ్చిందో ఎంత ఆలోచించినా తట్టదు. తప్పు తమదేననుకుని అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, మళ్లీ అదే ఎన్వలప్.

తప్పు వాళ్లది కాదు. ఆ మాటకొస్తే ఏ ఒక్కరిదీ కాదు. రియాక్ట్ ప్రాజెక్టులోని ఫైళ్లన్నింటినీ కలిపి, బ్రౌజర్‌కు పంపడానికి వీలుగా మూటకట్టే పని వెబ్‌ప్యాక్ అనే ఉపకరణానిది. ఏ ఫైలు మారిందో ఏది మారలేదో గుర్తుపట్టడానికి అది ప్రతి ముక్కకూ వేలిముద్రలాంటి ఒక సంఖ్యను లెక్కగడుతుంది. దాన్నే హ్యాష్ అంటారు. వెబ్‌ప్యాక్ 4 అందుకు వాడుకున్న పద్ధతి పేరు ఎండీ4. రోనాల్డ్ రివెస్ట్ 1990లో దాన్ని రూపొందించారు. రెండు వేర్వేరు సమాచారాలకు ఒకే వేలిముద్ర పడేలా చేయవచ్చని జర్మన్ శాస్త్రవేత్త హన్స్ డోబర్టిన్ 1995లోనే నిరూపించడంతో, రహస్యాలను కాపాడటానికి ఎండీ4 పనికిరాదని తేలిపోయింది. వెబ్‌ప్యాక్‌కు ఆ ఇబ్బంది లేదు. అది గుర్తుపెట్టుకోవాల్సింది ఫైళ్లనే గానీ రహస్యాలను కాదు. వేగంగా లెక్క తేలితే దానికి చాలు.

అయితే ఆ లెక్కను వెబ్‌ప్యాక్ సొంతంగా చేయదు, తన కింద ఉండి జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్‌ను అడుగుతుంది. నోడ్ తన కిందున్న ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా లైబ్రరీని అడుగుతుంది. 2021 సెప్టెంబరులో విడుదలైన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 3.0, ఎండీ4ను అటక మీదికి ఎక్కించేసింది. ప్రత్యేకంగా అడిగితే తప్ప కిందికి దించదు. భద్రత కోసం చూస్తే మంచి నిర్ణయమే. అక్టోబరు 19న నోడ్ 17 ఆ కొత్త ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌తో బయటికొచ్చింది. అందులోనూ తప్పుబట్టడానికేమీ లేదు. కొత్త వెర్షన్ వచ్చింది కదా అని దించుకున్న విద్యార్థినీ తప్పుబట్టలేం. మేడలో అట్టడుగున ఒక ఇటుక మార్చారు. అన్నిటికన్నా పై అంతస్తులో ఓనమాలు దిద్దుకుంటున్న పిల్ల చేతిలో పలక పగిలింది. ఎన్వలప్ అనేది ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ లోపలి ఒక విభాగానికి పెట్టుకున్న పేరు. ఆ పేరు అన్ని అంతస్తులూ ఎక్కి నేరుగా ఆమె ముందుకొచ్చి నిలబడింది. మధ్యలో ఎవరూ దాన్ని ఆమెకు అర్థమయ్యే మాటగా మార్చలేదు.

పాత పద్ధతులను అనుమతించమని నోడ్‌కు చెప్పే ఒక చిన్న సెట్టింగు కొద్ది రోజుల్లోనే ఆ నోటా ఈ నోటా పాకింది. పని జరిగిపోయేది. అసలు మందు మాత్రం వెబ్‌ప్యాక్ 5కు మారడం. రియాక్ట్ ప్రాజెక్టులను తయారుచేసి ఇచ్చే క్రియేట్ రియాక్ట్ యాప్ ఆ మార్పు చేసేసరికి డిసెంబరు వచ్చింది. ఇదంతా ఎందుకు, పాత నోడ్ 16 మీదే ఉండిపోదామనుకున్నవాళ్లకూ చిక్కే ఎదురైంది. 2024 ఏప్రిల్ దాకా ఉండాల్సిన దాని మద్దతును 2023 సెప్టెంబరు 11కు కుదించారు. అది వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు ఆ రోజుతోనే గడువు తీరిపోవడమే కారణం.

ఈ ఒక్క ఉదంతంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఒకదాని మీద ఒకటి నిలబడిన సాఫ్ట్‌వేర్ ముక్కల మధ్య పొత్తు కుదరకపోవడం. రెండోది, కుదరనప్పుడు ఏం చేయాలో చెప్పాల్సిన రాత సమయానికి దొరక్కపోవడం. వెబ్ డెవలపర్లు కంపాటబిలిటీ, డాక్యుమెంటేషన్ అని వీటిని విడివిడిగా తిట్టుకుంటారు గానీ, రెండింటి వేరూ ఒకటే. సాఫ్ట్‌వేరు వాడేవాళ్లకు ఒక మాట ఇస్తుంది. ఆ మాట రాతలో ఉంటే డాక్యుమెంటేషన్, నడతలో ఉంటే కంపాటబిలిటీ.

ఆ మాటను మూడు అంకెల్లో బిగించే ప్రయత్నం సెమాంటిక్ వెర్షనింగ్. కోడ్‌ను పంచుకునే వేదిక గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన నియమావళి ఇది. వెర్షన్ 4.2.7 అనుకుందాం. చివరి అంకె మారితే లోపాలు సరిదిద్దారని అర్థం. మధ్య అంకె మారితే కొత్త సదుపాయాలు వచ్చాయి, పాతవి మాత్రం చెక్కుచెదరలేదు. మొదటి అంకె మారిందంటే జాగ్రత్త, పాత కోడ్ పనిచేయకపోవచ్చు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలన్నింటికీ గిడ్డంగి లాంటి ఎన్‌పీఎం ఈ నియమాన్ని నమ్ముకునే నడుస్తుంది. ఏదైనా ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినప్పుడు ప్రాజెక్టు ఫైలులో దాని వెర్షన్ ముందు ఒక చిన్న టోపీ గుర్తు పడుతుంది. ‘మొదటి అంకె మారనంతవరకూ కొత్తది ఏదొచ్చినా తెచ్చుకో’ అని దాని అర్థం. ఇవాళ ఇన్‌స్టాల్ చేసినవాడికీ ఆర్నెల్ల తర్వాత చేసినవాడికీ ఒకే ప్రాజెక్టు ఫైలు నుంచి వేర్వేరు సరుకు రావడానికి కారణం ఆ గుర్తే. దించుకున్న వెర్షన్లన్నింటినీ రాసిపెట్టే లాక్ ఫైలు ఉంటే ఈ తేడా రాదు. ట్యుటోరియల్‌ను చూస్తూ చేసేవాళ్ల చేతిలో సాధారణంగా ఆ ఫైలు ఉండదు.

నియమం బాగానే ఉంది, పాటించేవాళ్లెందరు? నెదర్లాండ్స్‌కు చెందిన స్టీవెన్ రేమేకర్స్, ఆరీ వాన్ డ్యూర్సెన్, యూస్ట్ విస్సర్ 2014లో జావా లైబ్రరీల భాండాగారమైన మేవెన్‌ను జల్లెడపట్టారు. దాదాపు మూడోవంతు విడుదలల్లో పాత కోడ్‌ను విరగ్గొట్టే మార్పు కనీసం ఒకటి కనిపించింది. ఏమీ విరగదని హామీ ఇచ్చే మధ్య అంకె విడుదలలూ ఇందుకు మినహాయింపు కాలేదు.

దీన్ని నిర్లక్ష్యం కింద కొట్టిపారేయలేం. గూగుల్‌లో పనిచేసిన ఇంజనీరు హైరమ్ రైట్ పేరు మీద వాడుకలో ఉన్న ఒక సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. వాడేవాళ్ల సంఖ్య బాగా పెరిగాక, మీరు రాతపూర్వకంగా ఏం హామీ ఇచ్చారన్నదానితో పనిలేదు, మీ సాఫ్ట్‌వేర్ బయటికి ఎలా ప్రవర్తిస్తుందో ఆ ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారు. పొలం గట్టు మీద నలుగురు నడిస్తే అది దారైపోయినట్టే. వెబ్‌లో ఇందుకు ముప్ఫై ఏళ్ల నాటి సాక్ష్యం ఉంది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినప్పుడు, ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పే ‘రెఫరర్’ అనే సమాచారాన్ని బ్రౌజర్ పంపుతుంది. ఆ ఇంగ్లిష్ మాట స్పెల్లింగులో ఒక అక్షరం తప్పిపోయింది. 1996 నాటి హెచ్‌టీటీపీ పత్రంలో అచ్చయిన ఆ తప్పును ఇప్పటికీ సరిదిద్దలేదు. తప్పు స్పెల్లింగునే వెతికే సర్వర్లు అప్పటికే లోకమంతా ఉన్నాయి. దిద్దితే అవన్నీ తెల్లమొహం వేస్తాయి.

ఒక్క అక్షరం సంగతి అలా ఉంచితే, పదకొండు వరుసల కోడ్ ఏం చేయగలదో 2016 మార్చి 22న అందరికీ తెలిసింది. అజర్ కోచులు అనే ప్రోగ్రామర్‌కూ కిక్ అనే కంపెనీకీ ఒక ప్యాకేజీ పేరు విషయంలో తగాదా వచ్చింది. ఎన్‌పీఎం యాజమాన్యం ఆ పేరును కంపెనీకి ఇచ్చేసింది. మనస్తాపం చెందిన కోచులు తాను రాసిన ప్యాకేజీలన్నింటినీ, మొత్తం 273, వెనక్కి తీసేసుకున్నాడు. వాటిలో లెఫ్ట్-ప్యాడ్ ఒకటి. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చి కావలసిన పొడవుకు తేవడం దాని పని. బేబెల్ అనే ఉపకరణం గొలుసుకట్టుగా దాని మీద ఆధారపడింది, రియాక్ట్ వాడేవాళ్లు బేబెల్ మీద ఆధారపడ్డారు. ఎక్కడెక్కడి ప్రాజెక్టులూ ఒక్కసారిగా బిల్డ్ కాకుండా ఆగిపోయాయి. సుమారు రెండు గంటల్లో ఎన్‌పీఎం ఆ ప్యాకేజీని తిరిగి పెట్టింది. ఇతరులు వాడుతున్న ప్యాకేజీని ఎప్పుడుపడితే అప్పుడు తీసేయడానికి వీల్లేకుండా ఆ తర్వాత నిబంధనలు మార్చింది.

లెఫ్ట్-ప్యాడ్ పేరు ఆ రోజు వరకూ దాని బాధితుల్లో చాలామంది విననేలేదు. తాము దించుకున్నామని వాళ్లకు తెలిసిన ప్యాకేజీ ఒకటైతే, దాని వెనక వచ్చి కూర్చున్నవి పదులు. ఎన్‌పీఎంలో సగటు ప్యాకేజీ ఒకదాన్ని ఇన్‌స్టాల్ చేస్తే, దాంతోపాటు ఇతరుల ప్యాకేజీలు 79, వాటి నిర్వాహకులు 39 మందిని నమ్మినట్టేనని 2019లో యూజ్‌నిక్స్ భద్రతా సదస్సులో వెలువడిన పరిశోధన లెక్కతేల్చింది. వివాహానికి ఒక్క కుటుంబాన్ని పిలిస్తే ఊరంతా వచ్చినట్టు. వచ్చినవాళ్లంతా మంచివాళ్లే అయినా, వాళ్లలో వాళ్లకు పడకపోతే పంచాయితీ ఇంటివాడి నెత్తికే చుట్టుకుంటుంది.

ఆ పంచాయితీ వెనక చక్కటి గణితం ఉంది. ఒక ప్రాజెక్టులో క్యాలెండర్ లైబ్రరీ, చార్టుల లైబ్రరీ ఉన్నాయనుకుందాం. రెండింటికీ తేదీలు లెక్కగట్టే మూడో లైబ్రరీ కావాలి. క్యాలెండర్ దాని ఒకటో వెర్షన్‌నే ఒప్పుకుంటుంది. చార్టులు రెండోదైతేనే పనిచేస్తాయి. చార్టుల పాత వెర్షన్ తీసుకుంటే సరిపోతుందేమో, కానీ అది మరో నాలుగో లైబ్రరీ దగ్గర తగువు తెస్తుంది. ప్యాకేజీలు పదులు, ఒక్కోదానికి వెర్షన్లు పదులు. అందరికీ నచ్చే కూర్పు ఒకటుందా లేదా అని తేల్చడం కంప్యూటర్ శాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ అనే జాతికి చెందిన సమస్య. అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా జవాబు చెప్పే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. లైనక్స్ ప్యాకేజీల విషయంలో యూరప్ పరిశోధకులు 2000 దశకం మధ్యలోనే దీన్ని నిరూపించారు. గో అనే ప్రోగ్రామింగ్ భాషను తీర్చిదిద్దినవాళ్లలో ఒకరైన రస్ కాక్స్ 2016లో రాసిన వ్యాసంలో ఇదే విషయాన్ని ఇప్పటి ప్యాకేజీ మేనేజర్లకు అన్వయించి వివరించారు.

ఎన్‌పీఎం ఈ చిక్కును మొదట్లో తెలివిగా దాటేసింది. ఇద్దరికీ పడకపోతే ఎవరికి కావలసిన వెర్షన్ వాళ్ల గదిలోనే పెట్టేసేది. తేదీల లైబ్రరీ రెండు కాపీలు ఉంటే ప్రాజెక్టు బరువు పెరుగుతుందంతే. కానీ రియాక్ట్ లాంటి, ప్రాజెక్టంతటికీ చట్రంగా నిలిచే ఫ్రేమ్‌వర్క్ అలా రెండు కాపీలుగా ఉండలేదు. ఒకే పేజీలో రెండు రియాక్ట్‌లు చేరితే దాని హుక్స్ అనే సదుపాయాలు పనిచేయడం మానేస్తాయి. అందుకే ‘రియాక్ట్‌ను నేను తేను, ఇంట్లో ఉన్న రియాక్ట్ ఫలానా వెర్షన్ అయితే వస్తాను’ అని లైబ్రరీ షరతు పెట్టే పీర్ డిపెండెన్సీ అనే ఏర్పాటు వచ్చింది. కొన్నేళ్లపాటు ఆ షరతు తప్పితే ఎన్‌పీఎం హెచ్చరించి ఊరుకునేది. 2020 అక్టోబరులో వచ్చిన ఎన్‌పీఎం 7 ఊరుకోలేదు, ఇన్‌స్టాలేషన్‌నే ఆపేసింది. ‘ఈరిజాల్వ్’ అనే ఎర్రర్ అప్పట్నుంచీ డెవలపర్ల దినచర్యలో భాగమైంది. షరతుల్ని పట్టించుకోవద్దని చెప్పే లెగసీ పీర్ డెప్స్ అనే సెట్టింగుతో చాలామంది బయటపడుతున్నారు. అది నొప్పికి వేసుకునే మాత్ర లాంటిది. ఎక్కడ పొత్తు కుదరలేదో ఎన్‌పీఎం చెప్పబోతుంటే నోరు మూయించడమే అవుతుంది.

ఇవన్నీ అనుకోకుండా జరిగిన విరుగుళ్లు. తెలిసి తెలిసి విరగ్గొట్టిన సందర్భాలు వేరు. 2014 అక్టోబరులో పారిస్‌లో జరిగిన ఎన్‌జీ-యూరప్ సదస్సుకు వచ్చిన డెవలపర్లు తాము వాడే ఆంగ్యులర్ జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ రెండో వెర్షన్ గురించి విన్నది మామూలు సంగతి కాదు. వాళ్లు రోజూ వాడే కంట్రోలర్లు, స్కోప్ లాంటి మూలస్తంభాలేవీ అందులో ఉండవన్నారు. అప్పటికి పాతదాన్నుంచి కొత్తదానికి నడిచే బాట కూడా చూపించలేదు. 2016 సెప్టెంబరు 14న ఆ రెండో వెర్షన్ వచ్చింది. ఆర్నెల్లకు నాలుగోది వచ్చింది. మూడోది లేనేలేదు. లోపలి ఒక భాగం అప్పటికే మూడో అంకెలో ఉండటంతో, అన్నీ ఒకే అంకెకు రావాలని నాలుగుకు దూకారు. పేరు విషయం మరీ ఇబ్బంది. పాతది ‘ఆంగ్యులర్ జేఎస్’, కొత్తది ‘ఆంగ్యులర్’. పొట్టి పేరుతో వెతికితే రెండింటి జవాబులూ కలగాపులగంగా వచ్చేవి. పాత ఆంగ్యులర్‌కు మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది. ఆ బృందం పాఠం నేర్చుకుందనే చెప్పాలి. తర్వాతి వెర్షన్లలో కోడ్‌లోని మార్పుల్ని చాలావరకూ తనంతట తానే చేసిపెట్టే అప్‌డేట్ ఆదేశాన్ని ఇచ్చింది.

వ్యూ జేఎస్ కథలో ఫ్రేమ్‌వర్క్ కన్నా దాని చుట్టాలే ఆలస్యం చేశారు. 2020 సెప్టెంబరు 18న మూడో వెర్షన్ వచ్చింది. పాత కోడ్‌ను కొత్తదాని మీద నడిపే వారధి లాంటి ప్రత్యేక బిల్డ్‌ను కూడా తర్వాత ఇచ్చారు. కానీ పెద్ద ప్రాజెక్టులు వ్యూను ఒంటరిగా వాడవు. దాని మీద కట్టిన నక్స్ట్ మూడో వెర్షన్ స్థిరపడింది 2022 నవంబరులో. ఆ రెండేళ్లూ మారాలనుకున్నవాళ్లు అడకత్తెరలో పోకచెక్కలయ్యారు. కొత్త డాక్యుమెంటేషన్ వ్యూ 3 గురించి చెబుతుంది, చేతిలోని సామగ్రి వ్యూ 2 దగ్గరే ఆగిపోయింది.

వీటికి భిన్నంగా నడిచిన ఫ్రేమ్‌వర్క్‌గా జాంగోను చెప్పుకోవాలి. అది పుట్టింది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, ఒక పత్రికాఫీసులో. లారెన్స్ జర్నల్-వరల్డ్ వెబ్ విభాగంలో పనిచేసిన ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ దాన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ విడుదలైంది. అక్షరాలతో బతికే చోట పుట్టడం వల్లనేమో, రాత మీద దానికి మొదట్నుంచీ శ్రద్ధ ఎక్కువ. కొత్త సదుపాయం చేర్చాలంటే దాని డాక్యుమెంటేషన్ కూడా అదే ప్యాచ్‌లో ఉండాలన్నది అక్కడ నియమం. ఏదైనా తీసేయాలంటే ముందు కొన్ని విడుదలల పాటు హెచ్చరికలు వస్తాయి. ఆ హెచ్చరిక పేరులోనే అది ఏ వెర్షన్‌లో మాయమవుతుందో రాసి ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లోని ప్రతి పేజీలో మీరు చదువుతున్నది ఏ వెర్షన్‌దో కనిపిస్తుంది, ఒక్క నొక్కుతో వేరే వెర్షన్ పేజీకి వెళ్లొచ్చు. చిన్న విషయమే. ఆ చిన్న విషయం లేకపోవడం వల్ల వృథా అయిన రాత్రులెన్నో లెక్కలేదు.

అంత జాగ్రత్తపరుడైన జాంగోకూ కింద నేల కదిలింది. జాంగో నిలబడింది పైథాన్ భాష మీద. 2008 డిసెంబరు 3న పైథాన్ 3.0 వచ్చింది. అది పైథాన్ 2తో పొసగదని ముందే చెప్పారు. జాంగో తన 2013 నాటి విడుదలల్లో రెండింటి మీదా నడవడం మొదలుపెట్టి, 2017 డిసెంబరులో వచ్చిన 2.0తో పాతదాన్ని పూర్తిగా వదిలేసింది. పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది 2020 జనవరి 1న. ఒక భాష తన ఇంట్లోనే ఒక గది నుంచి ఇంకో గదికి మారడానికి పదకొండేళ్లు పట్టింది.

డాక్యుమెంటేషన్ వైపు అసలు సమస్య ఎక్కడుందో 2017లో గిట్‌హబ్ జరిపిన ఓపెన్ సోర్స్ సర్వే తేటతెల్లం చేసింది. అసంపూర్ణమైన, కాలం చెల్లిన డాక్యుమెంటేషన్‌ను తాము చూశామని 93 శాతం మంది చెప్పారు. ప్రాజెక్టులకు సాయం చేసేవాళ్లలో 60 శాతం మంది మాత్రం డాక్యుమెంటేషన్‌లో ఎప్పుడో తప్ప చేయి పెట్టమని, అసలు పెట్టమని ఒప్పుకున్నారు. ఇందులో ఎవరినీ నిందించడానికి మనసొప్పదు. వీళ్లలో ఎందరో జీతం లేకుండా, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట పనిచేసేవాళ్లు. కొత్త సదుపాయం రాస్తే పేరొస్తుంది. పాత పేజీలో తప్పుదారి పట్టించే ఒక వాక్యాన్ని సరిచేస్తే ఎవరికీ కనిపించదు.

పేరూ జీతమూ ఉన్నచోట కూడా రాత వెనకబడుతుందని రియాక్ట్ చూపించింది. 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ వచ్చాయి. రియాక్ట్ రాసే తీరే మారిపోయింది. క్లాసులు పోయి ఫంక్షన్లు వచ్చాయి. అధికారిక డాక్యుమెంటేషన్ మాత్రం ప్రధాన పాఠాల్లో క్లాసులనే చెబుతూ, హుక్స్‌ను పక్కన వేరే విభాగంలో ఉంచింది. హుక్స్‌తోనే మొదలయ్యే కొత్త డాక్యుమెంటేషన్ విడుదలైంది 2023 మార్చి 16న. ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నవాళ్లు అధికారిక పుస్తకంలో ఒక భాష, ఆఫీసు కోడ్‌లో ఇంకో భాష చదివారు. చివరికి వచ్చిన కొత్త డాక్యుమెంటేషన్ మాత్రం నిజంగా గొప్పది. బొమ్మలు, అక్కడికక్కడే చేసిచూసే అభ్యాసాలు ఉన్నాయి. ఎందుకు ఆలస్యమైందో దాన్ని చదివితేనే అర్థమవుతుంది. అది ఒక పాఠ్యపుస్తకం రాసినంత పని.

పాఠ్యపుస్తకం, వంటల పుస్తకం, నిఘంటువు, సిద్ధాంత గ్రంథం ఒకటి కావు. డాక్యుమెంటేషన్ గురించి లోతుగా ఆలోచించిన డానియేలే ప్రొచీదా ఈ తేడానే డయాటాక్సిస్ అనే పద్ధతిగా మలిచారు. కొత్తవాడి చెయ్యి పట్టుకుని నడిపించేది ఒక రకం, పనిలో ఉన్నవాడికి ఫలానా పని ఎలాగో చెప్పేది ఒక రకం, వెతుక్కోవడానికి పనికొచ్చేది ఇంకోటి, ఎందుకిలా ఉందో వివరించేది మరోటి. చాలా ఫ్రేమ్‌వర్కుల డాక్యుమెంటేషన్ చదివితే తల తిరగడానికి కారణం రాత తక్కువై కాదు. ఈ నాలుగూ ఒకే పేజీలో కలిసిపోవడం. నిఘంటువు నుంచి వంట నేర్చుకోమంటే ఎవరు మాత్రం నేర్చుకోగలరు?

హైదరాబాద్ అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జెరాక్స్ షాపుల ముందు వేలాడే కోర్సు మెటీరియల్ తెలుగు నేల మీద వేలమందికి తొలి డాక్యుమెంటేషన్. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి హాస్టల్ గదిలో ఉంటూ, ఆ స్పైరల్ బైండింగ్ పుస్తకంతో ఉద్యోగం దాకా వెళ్లినవాళ్లున్నారు. దాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. ఇంగ్లిష్ మీద భయం ఉన్న కుర్రాడికి అధికారిక పేజీల కన్నా అదే దగ్గర చుట్టం. చిక్కల్లా, అచ్చయిన కాగితం తనంతట తాను అప్‌డేట్ కాదు. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలదీ అదే పరిస్థితి. ఎంత బాగా చెప్పిన వీడియో అయినా అది తీసిన రోజు వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది. గిట్‌హబ్ సర్వేలో పాల్గొన్నవాళ్లలోనే దాదాపు నాలుగోవంతు మంది ఇంగ్లిష్ చదవడం, రాయడం తమకు అంత బాగా రాదన్నారు. రియాక్ట్ డాక్యుమెంటేషన్‌ను ఇతర భాషల్లోకి తెచ్చే స్వచ్ఛంద ప్రయత్నం 2019లో మొదలైంది. ఆ జాబితాలో తెలుగు కూడా ఉంది. అయితే అనువాదం ఒకసారి చేసి ఊరుకునే పని కాదు. మూలం మారిన ప్రతిసారీ మళ్లీ కూర్చోవాలి.

ఈమధ్య చాలామంది డాక్యుమెంటేషన్ తెరవడం మానేసి ఏఐనే అడుగుతున్నారు. జవాబు చక్కటి తెలుగులోనే రావచ్చు. కానీ ఆ ఏఐ చదివి నేర్చుకున్నవి కూడా ఇవే పాత పేజీలు, పాత వీడియోల వెంట వచ్చిన పాత కోడే. ఉదాహరణకు క్రియేట్ రియాక్ట్ యాప్‌ను రియాక్ట్ బృందం 2025 ఫిబ్రవరి 14న అధికారికంగా పక్కన పెట్టేసింది. అంతకు ముందు ఎనిమిదేళ్లకు పైగా పోగుపడిన పాఠాలు మాత్రం ఇంటర్నెట్‌లో అలాగే ఉన్నాయి.

అందరికీ ఆధారమైన రాత కూడా కూలిపోయేంత పని జరిగిన సందర్భం ఒకటుంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ గురించి ఏ సందేహమొచ్చినా డెవలపర్లు వెళ్లే చోటు ఎండీఎన్. 2005 నుంచీ మొజిల్లా దాన్ని నడుపుతోంది. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని తొలగించింది. ఆ దెబ్బ ఎండీఎన్ రచయితలకూ తగిలింది. ప్రపంచంలోని వెబ్ డెవలపర్లందరూ ఉచితంగా వాడుకుంటున్న పుస్తకం రాసేవాళ్లు కొద్దిమందేనని చాలామందికి అప్పుడే తెలిసింది. 2021 జనవరిలో కొన్ని కంపెనీలు కలిసి ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థను ఏర్పాటు చేసి, జీతాలిచ్చి రచయితలను పెట్టాయి.

ఆ ఎండీఎన్ వర్ణించే వెబ్ మాత్రం, ఫ్రేమ్‌వర్కులతో పోలిస్తే, ఆశ్చర్యపరిచేంత మాట మీద నిలబడే మనిషి. 1996లో స్పేస్ జామ్ సినిమా కోసం తయారుచేసిన వెబ్‌సైట్‌ను ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా నక్షత్రాల నేపథ్యంతో సహా కనిపిస్తుంది. దీని వెనక ఎంత పట్టుదల ఉందో 2018లో బయటపడింది. ఒకదానిలో ఒకటి ఉన్న జాబితాలను చదును చేసే ‘ఫ్లాటెన్’ అనే సదుపాయాన్ని జావాస్క్రిప్ట్ ప్రమాణాల సంఘం టీసీ39 చేర్చబోయింది. ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక వెర్షన్‌లో పెట్టి చూస్తే ఒక వెబ్‌సైట్ విరిగింది. కారణం మూటూల్స్ అనే పాత లైబ్రరీ. అది ఏళ్ల క్రితమే అదే పేరుతో సొంత సదుపాయాన్ని జావాస్క్రిప్ట్ జాబితాలకు తగిలించుకుంది. కొత్తగా కట్టే ప్రాజెక్టుల్లో దాన్ని వాడేవాళ్లు అప్పటికే అరుదు. పాత సైట్లు పోతే పోనీ అని ఆ సంఘం అనలేదు. నెలల తరబడి తర్జనభర్జన పడి, పేరునే మార్చుకుంది. 2019 ప్రమాణంలో అది ‘ఫ్లాట్’గా చేరింది. ఎప్పుడో ఎవరో కట్టి మరిచిపోయిన సైట్ల కోసం, ఇకముందు జావాస్క్రిప్ట్ రాసే ప్రతి ఒక్కరూ ఆ పేరే వాడతారు.

ఫ్రేమ్‌వర్కులు అంత భారం మోయగలవా? మోయలేవు, మోయాల్సిన పని కూడా లేదు. బ్రౌజర్‌ను వాడుకరులే అప్‌డేట్ చేసేస్తారు, సైటు యజమానిని అడగరు. అందుకే అక్కడ విరగకూడదు. ఫ్రేమ్‌వర్క్ వెర్షన్‌ను ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది డెవలపర్. మారే హక్కు ఫ్రేమ్‌వర్క్‌కు ఉంది, కాకపోతే మారినప్పుడు దారి చూపించే బాధ్యత కూడా దానిదే. వెబ్‌సైట్లు కట్టుకోవడానికి వాడే వర్డ్‌ప్రెస్ ఆ హద్దును 2020లో గుర్తించింది. ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్‌లో పాత కోడ్‌ను నడిపే జేక్వెరీ మైగ్రేట్ అనే వారధిని తీసేసింది. దాని మీద నడుస్తున్నామని కూడా తెలియని థీమ్‌లు, ప్లగిన్లు ఎన్నో ఆగిపోయాయి. సైటు యజమానుల్లో ఎక్కువమంది డెవలపర్లు కారు. దుకాణం నడుపుకునేవాళ్లు, కవితలు రాసుకునేవాళ్లు. ఆ వారధిని తాత్కాలికంగా తిరిగి నిలబెట్టి, ఏ ప్లగిన్ ఎక్కడ పాత కోడ్ వాడుతోందో చూపించే ఒక ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ బృందమే విడుదల చేసింది.

తామే డెవలపర్లయిన పెద్ద కంపెనీలకూ ఈ పని తేలిక కాదు. గిట్‌హబ్ నడిచేది రూబీ ఆన్ రైల్స్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద. అది రైల్స్ 3.2 నుంచి 5.2కు మారడానికి ఏడాదిన్నర పట్టింది. 2018 ఆగస్టు 15న ఆ పని పూర్తయింది. అంతకాలం ఒకే కోడ్‌ను పాత రైల్స్ మీదా కొత్త రైల్స్ మీదా రెండుసార్లు పరీక్షిస్తూ వచ్చారు. ఆ తర్వాత పద్ధతే మార్చేశారు. ఇప్పుడు ప్రతి సోమవారం ఒక ప్రోగ్రామ్ తనంతట తాను రైల్స్ ప్రధాన శాఖలోని ఆనాటి తాజా కోడ్‌ను తెచ్చి, గిట్‌హబ్ పరీక్షలన్నింటి ముందు నిలబెడుతుంది. ఏదైనా విరిగితే ఆ వారం వచ్చిన కొద్దిపాటి మార్పుల్లోనే వెతికితే చాలు. తప్పు రైల్స్‌లో ఉందని తేలితే, అధికారిక విడుదల దాకా వెళ్లకముందే, దాన్ని రాసినవాళ్ల బుర్రలో ఇంకా తాజాగా ఉండగానే, అక్కడే సరిచేయిస్తారు.